సోములమ్మ గోడ మీద గళ్ళు

అరకు సంతలో ఉప్పు కొన్నవాళ్ళంతా ఇంటికి వెళ్ళి, ఉప్పును కుండలో పోసుకుని, పొట్లం కట్టిన కాగితాన్ని పొయ్యిలో పడేసేవారు. పాంగి సోములమ్మకు ఉప్పు సంగతి తర్వాత. ముందు కాగితం విప్పి, అంటుకున్న ఉప్పురవ్వలు దులిపి, మోకాలి మీద పరిచి అరచేత్తో సాపు చేసేది. అందులో గళ్ళు కనపడ్డాయంటే ఆ పూట వంట ఆలస్యమేనని ఆమె మొగుడు భీముడికి తెలిసిపోయేది. వాకిట్లో కూర్చుని, ఈవారం కూడా కాగితమే వండుతున్నావేటే అని కేకేసేవాడట.

ఈ సంగతులన్నీ నాకు ఆవిడే చెప్పింది, చింతపండులో గింజ తీస్తూ, పక్కన కూర్చున్నందుకు నా చేత కూడా తీయిస్తూ. ఒక ప్రశ్న అడిగితే దానికి జవాబు మర్నాడు వస్తుంది. అడగనిది మాత్రం అప్పుడే చెప్పేస్తుంది. మధ్యలో అడ్డు తగలకుండా ఉంటే చాలు.

ఆవిడది మామిడిగుడ, కొండదొర గిరిజనుల ఊరు. అరకు స్టేషను నుంచి గట్టు దాటి, వలిసె చేల మధ్యనుంచి నడిచి వెళ్ళాలి. సోములమ్మ చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతి వరకూ చదివింది. తల్లి మంచాన పడితే ఇంటికి తీసుకొచ్చేశారు, మళ్ళీ పంపలేదు. అక్షరాలైతే ఒంట్లోకి వచ్చాయి గాని, చదవడానికి ఊళ్ళో ఏమీ లేదు. మలేరియా మందు కొట్టేవాళ్ళు అడక్కుండా తలుపు మీద రాసిపోయే అంకెలు, ఉప్పు పొట్లాలు, అంతే. ఆ తలుపు మీద అంకెల్ని కూడా ఆవిడ పైనుంచి కిందికీ, కిందనుంచి పైకీ చదివేదట.

ఉప్పు అమ్మే వరహాలరావు శృంగవరపుకోట నుంచి వచ్చేవాడు. పాత వారపత్రికలు తూకానికి కొని, చింపి, పొట్లాలు కట్టేవాడు. గళ్ళు మొదటిసారి కనపడినప్పుడు సోములమ్మ అది పులీ మేకా లాంటి ఆట అనుకుంది. తెల్లగళ్ళలో చింతగింజలు పెట్టి, నల్లగళ్ళు పులుల గుహలనుకుని, తోటికోడలితో ఆడి గెలిచింది కూడా. గళ్ళలో ఉన్న చిన్న అంకెలకీ, పక్కన అడ్డం, నిలువు అని రాసి ఉన్న వాక్యాలకీ సంబంధం ఉందని తెలియడానికి చాలా సంతలు పట్టింది. తెలిసిన రోజున పొయ్యి మీద అంబలి మాడిపోయింది.

అప్పట్నించి అదే పని. బొగ్గుముక్క అరగదీసి సన్నగా చేసుకుని నింపేది. కాగితం చిరిగి వచ్చేది కాబట్టి ఒక్కోసారి అడ్డం ఆధారాలు ఆవిడకూ, నిలువు ఆధారాలు వేరే ఊరి ఎవరి ఉప్పుకో పోయేవి. గడులు ఉన్న ముక్క ఉంటే చాలునని మొదలుపెట్టేసేది. పట్నంవాళ్ళ దేవుళ్ళు, రాజులు, సినిమాల సంగతి వస్తే ఆ గళ్ళని వదిలేసేది. ఇల్లు, వంట, పొలం, సంత, వీటి గురించి అడిగినవి మాత్రం ఒక్కటీ వదిలేది కాదు. ఇంటి మీద ఏముంటుంది, కాలికి ఏం గుచ్చుకుంటుంది, జ్వరం వచ్చినవాళ్ళకి ఏం పెడతారు. ఇవి తనని అడుగుతున్నట్టే ఉండేది ఆవిడకి. ఎవరో దూరాన కూర్చుని, అమ్మా నీ ఇంటి మీద ఏముంది అని అడిగితే, ఈవిడ కొండ మీదనుంచి చెబుతున్నట్టు.

ఒక్క సంగతి మాత్రం ఆవిడకి తెలియదు. జవాబులు పై వారం అచ్చవుతాయని తెలియదు. ఎలా తెలుస్తుంది? వరుస వారాల కాగితాలు ఒకే మనిషి పొట్లాలకి ఎప్పుడూ రావుగా. గడిలో పట్టింది, మన ఇంట్లో ఉన్నది, అదే సరైన జవాబు అనుకుంటూ కొన్నేళ్ళు గడిపేసింది. ఒకే ప్రశ్నకి ఒక ఇంట్లో ఒక జవాబు, ఇంకో ఇంట్లో ఇంకో జవాబు ఉంటుందనీ, అందుకే గళ్ళు ఖాళీగా వదిలి అచ్చేస్తారనీ ఆవిడ నమ్మకం.

ఆ నమ్మకం డెబ్బయి నాలుగో, అయిదో సంవత్సరం వానాకాలంలో బద్దలయింది. ఆ శుక్రవారం సంతలో ఉప్పు ఒక కాగితంలోనూ, ఎండుచేప ఇంకో కాగితంలోనూ వచ్చాయి. ఎండుచేప కాగితం మీద గళ్ళు నిండి ఉన్నాయి, అచ్చక్షరాలతో. పైన కిందటి వారం సమాధానాలు అని రాసుంది. ఆ గళ్ళ ఆకారం చూసి సోములమ్మ, చూరులో దోపుకున్న పాత కాగితం తీసింది. రెండూ ఒక్కటే. జ్వరం వచ్చినవారికి పెట్టేది అన్న చోట తను గంజి అని రాసింది. వాళ్ళు రొట్టె అని అచ్చేశారు.

రొట్టె అంటే ఆవిడకి తెలియనిదేం కాదు. స్టేషను దగ్గర టీకొట్టు గాజు పెట్టెలో ముక్కలు కోసి పెట్టి ఉంటుంది. ఒకసారి అత్త అచ్చియమ్మకి చలిజ్వరం వస్తే భీముడు ఎవరో చెప్పారని కొని తెచ్చాడు. ముసలావిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేసి, దూది పెట్టినావేటిరా, నానింకా సావనేదు అందట. ఆ మర్నాడు గంజి తాగి లేచింది.

పై సంతకి సోములమ్మ ఉప్పు కొనకుండానే వరహాలరావు ముందు ఆ రెండు కాగితాలూ పరిచింది.

“ఇది రాసినోడెవుడు బావూ?”

“పుస్తకం అచ్చేసినోలు. ఏటి, తప్పడ్డాదా నీది?” అని నవ్వాడు వరహాలరావు.

“ఆడికి జొరమొస్తే రొట్టె తింతాడేమో తిననీ. నాకు జొరమొస్తే నానేటి తింతానో ఆడెలాగ సెప్తాడు?”

వరహాలరావుకి ఆ వాదన ముచ్చటేసింది గాని ఒప్పుకోలేదు. ప్రశ్న అడిగినవాడి దగ్గరే జవాబు ఉంటుందనీ, అది కలిస్తేనే సరైనట్టనీ, లోకమంతా అలాగే ఆడుతుందనీ చెప్పాడు. తెలిసిన జవాబు పట్టుకుని మళ్ళీ అడగడం దేనికి, ఎత్తిపొడవడానికి కాకపోతే, అంది సోములమ్మ. సంతలో చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కోపం దిగని మొహంతో ఇంటికి వచ్చి గోడ ముందు నిలబడింది.

ఆ గోడ ఎర్రమట్టి అలికిన గోడ, వసారా లోపలివైపుది. ఆ ఊరి ఆడవాళ్ళు గోడ మాసినప్పుడల్లా ఎర్రమట్టి అలికి, తెల్లసుద్దతో అంచులు దిద్దుతారు. సోములమ్మ అంచులు దిద్దే సుద్దతోనే గళ్ళు గీసింది. ఆధారాలు తనే రాసింది. ఇంటి మీద కప్పేది. రాత్రి ఇంటిని కాసేది. అడవికి పోతే చేతిలో ఉండేది. నిండిపోయాక, మళ్ళీ మట్టి అలికేసి కొత్తవి గీసేది.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. సోములమ్మ ముగ్గు పిచ్చిగా వేసిందనుకున్నారు. చదవడం రాదుగా ఎవరికీ. తనే చదివి వినిపించేది, ఎవరు జవాబు చెబితే వాళ్ళ చేత్తోనే గడిలో గీయించేది. పేరు రాయడం రాని మనిషికి ముందుగా పెంకు అనో, కుక్క అనో రాయడం వచ్చింది. నీళ్ళకి వెళ్ళేవాళ్ళు బిందె దింపి ఒక గడి నింపి వెళ్ళేవారు.

అసలు తగాదా కప్పు దగ్గర వచ్చింది. ఇంటి మీద కప్పేది అన్నచోట రెండు గళ్ళు. సోములమ్మ ఇంటి మీద పెంకు. పక్కింటి రత్న మొగుడు రైల్వేలో గ్యాంగుకూలీ, వాళ్ళది రేకు. రెండూ పట్టాయి. చివరి కు కిందికి దిగితే కుక్క అవుతుంది. అంతా బాగుందనుకుంటూంటే, అచ్చియమ్మ కర్ర పట్టుకుని వచ్చి నిలబడింది. కొడుకు పెంకుటింట్లో ఉండనని ఊరి చివర పాత ఇంట్లోనే ఉంటుంది ఆవిడ.

“నా ఇంటి మీద పెంకూ నేదు, రేకూ నేదు. గడ్డి. రాయి.”

“గడ్డి పట్టదత్తా. కిందికి కుక్క రావాల కదా.”

“నీ కుక్క కోసం నా ఇల్లు పీకీమంతావేటే?”

సోములమ్మ చదరం గీతకి బయట, ఎడమపక్క ఇంకో రెండు గళ్ళు గీసింది. అచ్చియమ్మ చేయి పట్టుకుని అందులో గడ్డి అని రాయించింది. ముసలావిడ చేయి తుడుచుకుంటూ వెనక్కి జరిగి, తన ఇంటిని తను చూసుకున్నట్టు చూసుకుంది. మర్నాడు ఎవరూ పట్టుకోకుండానే ఆ మాట ఇంకోసారి రాసింది.

ఆ రోజునుంచి సోములమ్మ గోడకి కొన్ని పద్ధతులు వచ్చాయి. ఒకరు రాసింది ఇంకొకరు చెరపకూడదు, అందుకని గోడ నిండినా సోములమ్మ అలకడం మానేసింది. జవాబు వేరైతే అదే గడి మూలన రాసుకోవాలి, పట్టకపోతే పక్కన గళ్ళు గీసుకోవాలి. రాసిన ప్రతి మనిషీ అది తన ఇంట్లో ఎక్కడుందో చెప్పాలి. లేనిది రాయకూడదు. అచ్చులో గళ్ళు నాలుగు మూలలతో కుదురుగా ఉంటాయి. ఈవిడ గళ్ళు గుమ్మడిపాదులాగ గోడంతా పాకేవి.

డెబ్బయి తొమ్మిదిలో పెద్దవాళ్ళకి చదువు చెప్పే రాత్రిబళ్ళు వచ్చాయి. ఆ పక్క ఊళ్ళలో అక్షరాలు వచ్చిన ఆడమనిషి సోములమ్మ ఒక్కతే కాబట్టి ఆవిడనే చెప్పమన్నారు. ఒక బోర్డు, ఒక లాంతరు, పలకలు, వాచకాలు ఇచ్చారు. బోర్డుని వసారా గోడకే మేకు కొట్టి తగిలించారు. వీటన్నిటికంటే ఆవిడకి నచ్చింది ఇంకొకటుంది. ఊరు తనని పంతులమ్మ అని పిలవడం. కట్టెలకి వెళ్తూంటే చిన్నపిల్లలు పంతులమ్మోస్తన్నాది అని పక్కకి తప్పుకునేవారట. ఆ మాట నాకు చెబుతున్నప్పుడు చింతగింజ తీయడం ఆపేసింది.

ఆ రాత్రిబడి కేంద్రాలు చూడటానికి వచ్చే సూపర్‌వైజరు గణపతిరావుది పార్వతీపురం. మంచి మనిషని సోములమ్మ ఇప్పటికీ అంటుంది. వచ్చిన రోజునే గోడ మీద గళ్ళు చూసి సైకిలు దిగుతూనే ఆగిపోయాడు. ఆయనకీ ఆ పిచ్చి ఉంది. వారపత్రికలో అన్నీ సరిగ్గా నింపినవాళ్ళ పేర్లలో ఆయన పేరు ఒకసారి అచ్చయిందట, ఆ ముక్క జేబులో పెట్టుకు తిరుగుతాడు. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చాలా గళ్ళు తనే చెప్పాడు. కొరముట్టు ఒక్కటే తెలియలేదు. దుంపలు తవ్వే కర్ర అని చెబితే రాసుకున్నాడు. తర్వాత కప్పు దగ్గరికి వచ్చి కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

“ఒకే గడిలో రెండక్షరాలున్నాయేం? ఏది తప్పు?”

ఏదీ తప్పు కాదని సోములమ్మ చెప్పింది. ఒక గడికి ఒకే అక్షరం ఉండాలి, అదే ఆట, లేకపోతే ఆటకి అర్థం లేదన్నాడు ఆయన. కోప్పడలేదు, నచ్చజెప్పాడు. రెండు నెలలు పోతే పరీక్ష ఉంది. వాచకంలో ఉన్న జవాబే రాయాలి, పైవాళ్ళు దాన్నే చూస్తారు. ఆడవాళ్ళు పాసు కాకపోతే కేంద్రం ఉండదు. ఈ గోడ చూసి చూసి వాళ్ళకి ఎవరికి తోచింది వాళ్ళు రాయడం అలవాటవుతోంది. గోడ అలికేసి వాచకం చెప్పమన్నాడు. చెబుతూ వాచకం తెరిచి చూపించాడు. ఆరోగ్యం పాఠంలో బొమ్మ ఉంది, మంచం మీద మనిషి, పక్కన పాలగ్లాసు. కింద, జ్వరం వచ్చినవారికి రొట్టె పెట్టాలి.

“ఇక్కడికీ వొచ్చినాదా ఇది,” అంది సోములమ్మ.

ఆయన వెళ్ళాక భీముడు అన్నాడు: “పలక మీద రొట్టె రాయించు. నోట్లో గంజి పోసుకుందుము. పలకకేటి తెలుస్తాది?”

ఆ మాట తనకి నచ్చిందని సోములమ్మ నాతో అంది. నచ్చినందుకే భయమేసిందట. అలా రాయిస్తే అంతా బాగానే ఉంటుంది. కేంద్రం ఉంటుంది, లాంతరు ఉంటుంది, పంతులమ్మా ఉంటుంది. కానీ అచ్చియమ్మకి ఏం చెప్పాలి? అత్తా, నీకొచ్చిన ఒక్క మాటా తప్పు, నీ ఇంటి మీద ఉన్నది గడ్డి కాదు అని చెప్పాలా? ముసలావిడకి అక్షరం వచ్చిందే తన కప్పు వల్ల.

వాచకం చెప్పింది సోములమ్మ. ఎగ్గొట్టలేదు. ప్రతి పాఠమూ చదివించింది, రాయించింది. కానీ గోడ అలకలేదు. పరీక్షలో ఏం రాయాలని ఆడవాళ్ళు అడిగితే, పుస్తకంలో ఏముందో మీకు తెలుసు, మీ ఇంట్లో ఏముందో మీకు తెలుసు, ఏది రాసినా నేనేమీ అనను అంది. అలా అంటే పుస్తకం మాటే రాస్తారేమోనని లోపల గుబులుగానే ఉందట.

పరీక్ష రోజున గణపతిరావు పొద్దుటే వచ్చాడు. అందరినీ వసారాలో బారుగా కూర్చోబెట్టి, వాచకంలోంచి అడిగి పలకల మీద రాయించాడు. పేర్లు అందరూ రాశారు. ఊరి పేరు రాశారు. ఆయన మొహం విప్పారింది. తర్వాత ఆ ప్రశ్న అడిగాడు. జ్వరం వచ్చినవారికి ఏం పెట్టాలి?

పలకలు ఎత్తించి చూశాడు. గంజి. గంజి. ఒకామె చోడి అంబలి అని రెండు మాటలు రాసింది. రత్న పలక మీద రొట్టె అని ఉంది. ఆయన గట్టిగా ఊపిరి పీల్చి, ఒక్కరైనా సరిగ్గా రాశారన్నాడు.

రత్న లేచి నిలబడింది. “సారూ, మాది రైలోల్ల కోట్రసుల్లో పని. ఆల్లు మిగిలిన రొట్టె ఇస్తే నాను తింతాను, అందుకే రాసినాను. ఈల్లు తినరు. ఈల్లది తప్పని నా పలక సూపించకండి.”

గణపతిరావు ముందుకి నడిచాడు. చివర అచ్చియమ్మ పలక ఖాళీగా ఉంది. రాయడం రాలేదా అని అడిగాడు.

“ఎందుకు రాదు? జొరమొస్తే నాకేటీ తినబుద్దవదు. అదే రాసినాను,” అంది ముసలావిడ ఖాళీ పలక పైకెత్తి పట్టుకుని.

వసారా అంతా నవ్వింది. గణపతిరావూ నవ్వాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు. నవ్వినంత మాత్రాన కేంద్రం నిలబడలేదు. మార్కులు వేసి, కలిపి, తలాడించి, సోములమ్మని పక్కకి పిలిచాడు. పరీక్ష మళ్ళీ పెట్టినట్టు రాస్తాను, ఇంకో నెల గడువిస్తాను, నా కళ్ళముందు ఆ గోడ ఒక్కటి అలికెయ్యి, చాలు అన్నాడు. నీ మంచికే చెబుతున్నానన్నాడు. నిజంగానే ఆ ఉద్దేశంతోనే అన్నాడని సోములమ్మ నాకు రెండుసార్లు చెప్పింది.

ఆవిడ ఆడవాళ్ళవైపు చూడలేదట, చూస్తే ఏడుపొస్తుందని. గోడ వైపే చూస్తూ చెప్పింది.

“బావూ, మీ పేరు పుస్తకంలో అచ్చేసినారు. మీరు ఆలు అడిగినట్టే సెప్పినారు, ఆలకి నచ్చినాది. మంచిదే. మమ్మల్ని ఇన్నాళ్ళూ ఏటీ అడగనేదు ఎవులూ. ఇప్పుడడిగినారు. అడిగినాక, మేం సెప్పింది మీరు రాసుకోవాల. మీరు సెప్పింది మా సేత రాయించుకుంటే అది అడగడం కాదు.”

“కేంద్రం పోతుంది సోములమ్మా.”

“పోనీ.”

“నిన్ను పంతులమ్మ అనరు.”

ఆ దెబ్బ తగిలిందని ఆవిడ ఒప్పుకుంది. తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

గణపతిరావు పలకలు పోగు చేయించాడు, లాంతరు తీయించాడు, తనే స్టూలెక్కి బోర్డు దింపాడు. బోర్డు ఉన్నంత మేరా గోడ రంగు వెలవకుండా చదరంగా, మిగతా గోడకి వేరుగా కనపడింది. లోపలినుంచి సోములమ్మ ఎర్రమట్టి కుండ పట్టుకుని రావడం చూసి ఆయన ముఖం వెలిగింది. ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. అచ్చియమ్మ మాత్రం, నా గడ్డి మీద సెయ్యేసినావంటే సూడు అని కర్ర ఎత్తింది.

సోములమ్మ గుడ్డ ముంచి, పిండి, గళ్ళని ముట్టుకోకుండా, బోర్డు తీసేసిన జాగాని మాత్రం అలికింది. అంచుల దాకా, చక్కగా, తొందరలేకుండా. తడి కాస్త ఆరాక, కొంగులోంచి సుద్ద తీసి, పాత గళ్ళ చివరనుంచి గీతలు పొడిగించి ఆ కొత్త జాగాలోకి నడిపించింది.

“బోర్డు తియ్యడం మంచిదయ్యింది బావూ,” అంది వెనక్కి తిరగకుండానే. “జాగా సాలక సస్తన్నాం.”

రత్న లేచి వెళ్ళి పక్కన నిలబడి, మొదటి ఆధారం ఏమిటని అడిగింది. ఆ పైన గణపతిరావు ఎంతసేపున్నాడో, ఎప్పుడు సైకిలెక్కాడో తను చూడలేదని చెప్పింది సోములమ్మ. మట్టి పూర్తిగా ఆరిపోతే సుద్ద పట్టదని గీస్తూనే ఉందట.